మోటారు మోత లేని ఊరు

"మోటారుకారు మచ్చుకైనా కనబడని ఊరు చూపిస్తాను, రావమ్మా!" అంటే మా అమ్మ నవ్వింది. "నా చిన్నప్పుడు మన ఊరు అట్లాగే ఉండేది. దానికోసం అంతదూరం పోవాలట్రా?" అన్నది. అయినా బయలుదేరదీశాను. 2019 సంక్రాంతి సెలవుల నాటి మాట ఇది.

ఆ ఊరు మాథెరాన్. ముంబయి నుంచి పూనా వైపు పోయే దారిలో నేరల్ వద్ద దిగి కొండ ఎక్కాలి. 1850లో ఠాణా కలెక్టరు హ్యూ మాలెట్ ఈ కొండను చూసి ముచ్చటపడ్డాడు. 1907 నాటికి 21 కిలోమీటర్ల బుల్లి రైలుమార్గం కూడా వచ్చింది. 2003లో కేంద్ర ప్రభుత్వం దీనిని పర్యావరణ రీత్యా సున్నితమైన ప్రాంతంగా ప్రకటించింది.

మా టాక్సీ దస్తూరీ నాకా దగ్గర ఆగిపోయింది. అప్పట్లో అక్కడనుంచి అంబులెన్సు తప్ప మోటారుబండిని లోపలికి పోనిచ్చేవారు కాదు. ఊళ్ళోకి రెండున్నర కిలోమీటర్ల పైమాటే. ఆ కాస్త దూరం నడిచే షటిల్ రైలు అప్పుడే వెళ్ళిపోయింది. మేమంతా నడవగలం గాని, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. చేతిరిక్షా మాట్లాడక తప్పలేదు. ముందు ఒకరు లాగుతుంటే వెనుకనుంచి ఇద్దరు నెట్టారు. ఎర్రమట్టి ఎత్తుమీద అమ్మ బిక్కుబిక్కుమంటూ కూర్చున్నది.

ఊరు ఎంత బాగున్నదనుకున్నారు! చెట్ల నీడ, గుర్రపు డెక్కల చప్పుడు, కోతుల ఆగడం. మా పిల్లలు నడివీధిలో పరుగెత్తుతుంటే మా ఆవిడ నిశ్చింతగా చూస్తున్నది. ఇంటిదగ్గరయితే "బండ్లు వస్తున్నై, చూసుకోండర్రా" అని రోజుకు పదిసార్లయినా అరుస్తుంది. ఇక్కడ ఉన్న రెండు రోజులూ ఆ మాట ఆమె నోట రానే లేదు.

రాత్రి అమ్మ మెల్లిగా అన్నది: "ఊరు చల్లగా ఉందిరా. కాని ఏ మోతా లేదు గనుక, నన్ను లాగినవాడి రొప్పు స్పష్టంగా వినబడింది. నీ యీడువాడే కదరా!"

తిరుగు ప్రయాణంలో ఆమె రిక్షా ఎక్కలేదు. షటిల్ రైలు కోసం గంటన్నర కూర్చున్నది. "మరి అతని కూలి పోయింది గదమ్మా?" అన్నాను. జవాబు చెప్పలేదు.

ఆ జవాబు ఆలస్యంగా వచ్చింది. 2022 డిసెంబరులో అక్కడ కరెంటు రిక్షాలను ప్రయోగాత్మకంగా నడిపారు. మనిషిని మనిషి లాగే రిక్షాలను ఆరు నెలలలో ఆపాలనీ, వాటిని లాగేవారికే కరెంటు రిక్షాలు ఇప్పించాలనీ 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

మన పట్టణాలలోనూ కొన్ని వీధులకు కార్లు రాకూడదని నేనూ కోరుకుంటాను. అయితే కారు ఆపిన చోటనే, నడవలేనివారు ఎట్లా పోవాలి, ఎవరి కష్టం మీద పోవాలి అన్న ప్రశ్న మొదలవుతుంది. దానికి బదులు చెప్పి గేటు వేస్తేనే న్యాయం.

పత్రికలో ఆ వార్త చదివి వినిపిస్తే అమ్మ కళ్ళజోడు సవరించుకుని అన్నది: "అట్లా అయితే ఇంకోసారి తీసుకుపోరా. ఈసారి రిక్షా ఎక్కుతాను!"