ఆ బిడ్డవు నువ్వే



మా పెద్దమ్మాయి తొలి కాన్పుకు నారాయణఖేడ్‌లోని మా ఇంటికి వచ్చింది. దేవుని కృప వలన ఆసుపత్రిలో క్షేమంగా మనవరాలు పుట్టింది. బరువు 2 కిలోల 100 గ్రాములే. అయినా అందరం స్తోత్రం చెల్లించాము.

మూడో రోజు రాత్రి నా కూతురు గోడవైపు తిరిగి ఏడుస్తోంది. "అమ్మా, అందరు పాపను ముద్దు చేస్తున్నరు. నాకే ఏం అనిపిస్తలేదు. నేను పాపిష్టిదాన్నా?" అని అడిగింది.

నాకు వెంటనే నోట మాట రాలేదు. ఆ ప్రశ్న 1996 నుండి నా గుండెలోనే ఉన్నది. నా తొలి కాన్పులో రెండు రోజులు నొప్పులు పడ్డాను. ముర్రుపాలు మంచివి కావని పెద్దవాళ్లు పిండి పారబోయించి, మూడు రోజులు బిడ్డకు చక్కెర నీళ్లు పట్టారు. బిడ్డ ఎప్పుడూ ఎవరో ఒకరి చేతుల్లోనే ఉండేది. నాకు పక్కింటి బిడ్డలాగే తోచింది. సంఘపు స్త్రీలు చూడవచ్చి సంతోషిస్తుంటే నేనూ నవ్వేదాన్ని. రాత్రి మాత్రం క్షమించమని ప్రభువును వేడుకొనేదాన్ని. నా భర్తకు కూడా చెప్పలేదు.

ఆ రాత్రి చెప్పేశాను. "నాకు గూడ గట్లనే ఉండె బిడ్డా. ఆ బిడ్డవు నువ్వే."

తను చాలాసేపు నా మొహం చూసింది. "మరి నా మీద ప్రేమ ఎప్పుడొచ్చింది?" అన్నది.

"ఏ రోజని చెప్పలేను. నీకు జ్వరమొచ్చిన రాత్రి తెల్లవార్లు ఎత్తుకొని తిరిగిన. తెల్లారేసరికి నువ్వు నా బిడ్డవైనవు."

తెల్లవారి నర్సమ్మ పాప బట్టలు తీసి, టోపీ పెట్టి, తల్లి రొమ్ముల మధ్య పడుకోబెట్టి పైన దుప్పటి కప్పింది. తక్కువ బరువు పిల్లలకు ఈ పద్ధతిని 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో డాక్టర్లు మొదలుపెట్టారు. తల్లి ఒంటి వెచ్చదనం బిడ్డను కాపాడుతుంది, పాలు బాగా పడతాయి. కడుపులో ఉండగానే విన్న తల్లి గొంతును బిడ్డ గుర్తుపడుతుంది. తల్లికి ప్రేమ ఆలస్యమైనా, బిడ్డకు తల్లి అప్పటికే తెలుసు! వారం తిరగకముందే నా కూతురు, "అమ్మా, పాపను ఇటియ్యి" అని తానే చేయి చాచింది.

అత్తలారా, అమ్మలారా, ముర్రుపాలు పారబోయకండి. పుట్టిన గంటలోపే పాలు పట్టించండి. ఆరు నెలలు తల్లిపాలు తప్ప చక్కెర నీళ్లు, తేనె వద్దు. స్నానం, బట్టలు, వంట మీరు చూసుకొని బిడ్డను తల్లి దగ్గరే ఉంచండి. బాలింత దిగులు రెండు వారాలు దాటితే దయ్యమని, విశ్వాసం లేదని అనకండి. ప్రార్థన చేసి డాక్టరు వద్దకు తీసుకొనిపోండి. 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి కూడా సలహా అడగవచ్చు.

యెషయా 49వ అధ్యాయం 15వ వచనం తీసి చదవండి. తల్లి మనసు కూడా తప్పిపోగలదని దేవునికి తెలుసు. అందుకు ఆయన ఆమెను త్రోసివేయలేదు; తన ప్రేమ అంతకంటె గట్టిదని చెప్పాడు. నేను ప్రేమించలేని ఆ దినాలలో నా బిడ్డను ఆయనే ప్రేమించాడు, నన్ను కూడా.

ఆయన నామమునకే మహిమ కలుగును గాక. ఆమేన్.