బరువు నెత్తు విద్య

హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటలలో పాత ఇండ్లు పైకి పెరుగుచున్నవి. ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుటకై ఊరూరినుండి యువకులు అశోక్‌నగర్ చేరుదురు. వారికి గదులు కావలెను. అందుచేత ఉన్న మేడపై మఱియొక అంతస్తు లేచును. సందు ఇరుకు, పైన విద్యుత్తు తీగలు, క్రింద బడికి పోవు బాలురు. ఇట్టి చోట ఇటుకలు, ఇసుక, సిమెంటు పైకి చేర్చుట సామాన్యమైన పని కాదు.

సిమెంటు బస్తా బరువు 50 కిలోలు. మేడ అంచున వంగి, నూతిలో నీరు తోడినట్లు దానిని చేదుటకు ఎంతటి బలశాలియు పూనుకొనరాదు. బరువు మనిషినే క్రిందికి ఈడ్చును. ఈ పనికి గిలక తగిన సాధనము. పైన బిగించిన ఒంటి గిలక బరువును తగ్గింపదు. లాగు దిక్కును మాత్రమే మార్చును. మనిషి మేడ అంచున గాక నేలపై, బరువునకు ఎడముగా నిలిచి లాగగలుగుటయే దాని మేలు. బరువుతోపాటు కదలు రెండవ గిలకను చేర్చినచో సుమారు సగము బలము చాలును. అయితే 10 అడుగులు ఎత్తుటకు 20 అడుగుల త్రాడు లాగవలెను.

గిలకను మోయు కట్టు గట్టిదై యుండవలెను. పిట్టగోడకు కట్టిన గిలక గోడతో సహా కూలవచ్చును. తీగలున్న వైపున బరువు నెత్తనే కూడదు. 20 అడుగుల ఎత్తునుండి జారిన ఇటుక నేలను తాకుటకు ఒక సెకను కంటె కొంచెమే ఎక్కువ పట్టును. “తప్పుకో” యను కేక విని కదలుటకు వ్యవధి యుండదు. కావున బరువు క్రిందికి ఎవ్వరును రాకుండ త్రాడు కట్టి, ఒక మనిషిని కాపుంచవలెను.

అశోక్‌నగర్‌లో ఒక గృహస్థుడు రాతిపలకలన్నియు చీకటి పడులోపల పైకి చేరవలెనని తొందరపెట్టెను. మేస్త్రీ త్రాటిని తడవి చూచి, ఒకచోట పోగులు తెగియుండుట కనిపెట్టి, పని ఆపెను.

“ఇన్నాళ్లు ఆగిన త్రాడు ఈ ఒక్కపూట ఆగదా?” అని గృహస్థుడు విసుగుకొనెను.

“అయ్యా! క్రింద నున్నవాడు నా చెల్లెలి కొడుకు. వాడు ఎవరి కొడుకైనను నేనిట్లే ఆపుదును” అని మేస్త్రీ బదులు చెప్పెను.

గృహస్థుడు మాఱుపలుకక క్రొత్త త్రాటికై బజారునకు మనిషిని పంపెను. పలకలు మఱునాటి ఉదయమున పైకి చేరెను. ఒక పూట ఆలస్యమయ్యెను. అంతకు మించిన నష్టమేమియు లేదు.

భవన నిర్మాణ కార్మికుల రక్షణకై పార్లమెంటు 1996లో ఒక చట్టము చేసెను. పది లక్షల రూపాయలకు మించని సొంత నివాసపు పనిని ఆ చట్టము తన పరిధిలోనికి తీసికొనలేదు. చట్టము చేరని గుమ్మమున యజమాని మనస్సాక్షియే కావలి యుండవలెను.

ఇల్లు పూర్తియైన నాడు గోడలను చూచి మెచ్చుకొనువారు పెక్కుమంది. ఆ బరువు లెత్తిన వారందఱును ప్రతి సాయంకాలము క్షేమముగా ఇల్లు చేరిరా యని విచారించువాడే నిజమైన గృహస్థుడు.