ఎడమ భుజం మీది మచ్చ

టెక్సాస్‌లో నర్సింగ్ అసిస్టెంటు కోర్సంటే మొత్తం 100 గంటల చదువు. 60 క్లాసులో, 40 ముసలివాళ్లుండే నర్సింగ్ హోములో. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, బీపీ చూడడం, అన్నం తినిపించడం. మా అత్తగారు మంచాన పడ్డప్పుడు ఇవన్నీ ఏ సర్టిఫికెట్టూ లేకుండానే చేశాను. అయినా చట్టం చట్టమే గదా అని కాలేజీలో దరఖాస్తు పెట్టాను. చేరనిస్తేగా!

పదో తరగతి మెమో, వేలిముద్రలు, సీపీఆర్ కార్డు, తట్టుకూ ఆటలమ్మకూ రక్తపరీక్షలు, అన్నిటికీ ఓర్చుకున్నాను. ఒళ్లు మండింది టీబీ పరీక్ష దగ్గర. ముంజేతి మీద చర్మంలోకి 0.1 మిల్లీలీటరు మందు ఎక్కిస్తారు. చిన్న బుడగ లేస్తుంది. 48 నుంచి 72 గంటల లోపల మళ్లీ వెళ్తే చూస్తారు. కొలవాల్సింది గట్టిపడ్డ వాపుని, ఎరుపుని కాదు. క్లినిక్కులో ఆ పిల్ల ప్లాస్టిక్ స్కేలు పెట్టి, ఎర్రగా ఉన్నంత మేరా కొలిచి, పాజిటివ్ అని రాసి పారేసింది. నాకు బీసీజీ, అంటే టీబీ టీకా, వేశారమ్మా అని జాకెట్టు చెయ్యి పైకి లాగి మచ్చ చూపించాను. ఎవరో సిగరెట్టుతో కాల్చారనుకుందేమో, జాలిగా చూసింది. అమెరికాలో అందరికీ బీసీజీ వేసే పద్ధతి ఏనాడూ లేదు మరి. బీసీజీ పడ్డవాళ్లకు ఈ పరీక్ష ఉత్తినే పొంగొచ్చని వాళ్ల పుస్తకాల్లోనే ఉంది. రక్తంతో చేసే పరీక్షకైతే ఆ తికమక లేదు. కాలేజీ ఆన్‌లైన్ ఫారంలో దానికి చోటే పెట్టలేదు. సరే, ఎక్స్‌రే తీయించాను. ఊపిరితిత్తులు నిక్షేపంగా ఉన్నాయన్నారు. ఆ కాగితం ఎక్కిద్దామంటే, 'నెగెటివ్' దగ్గర టిక్కు పెడితేగానీ తరవాతి పేజీ రాదు! ఫోన్ చేస్తే ఈమెయిల్ పెట్టమంది ఆఫీసావిడ, ఈమెయిల్ పెడితే ఫోన్ చేయమంది. ఈలోగా సీట్లు నిండిపోయాయి.

అసలు బీసీజీ సంగతి మాకా చెప్పేది? మాది మదనపల్లె. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదలుపెట్టిన తొలి కేంద్రాల్లో మా ఊరొకటి. పక్కనే ఆరోగ్యవరం శానిటోరియం, అప్పటికే ముప్పై ఏళ్లు దాటింది. టీబీకి మందు లేని రోజుల్లో మంచి గాలి, తిండి, విశ్రాంతి, ఇదే వైద్యం. మదనపల్లె అనగానే అందరూ టమాటా మార్కెట్టంటారు. నాలుగు పుస్తకాలు చదివినవాళ్లయితే, 1919లో టాగూర్ జనగణమనను ఇంగ్లీషులో రాసింది అక్కడే కదా అంటారు. ఆరోగ్యవరం పేరెత్తేవాళ్లేరీ? బస్సు అటు పోతుంటే మా అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది, మా ముక్కులూ మూయించేది. బస్సు దిగాక మాత్రం, అక్కడ రోగులకు రోజూ పాలూ గుడ్డూ పెడతారంట, ఈ ఇంట్లో పండక్కైనా నా మొహాన ఎవురన్నా గుడ్డు పెట్న్యారా అని మా తాత మీద ఎగిరేది.