ఎసెన్సు సీసా



2023 డిసెంబరు రెండవ వారములో మా ఇంట్లో క్రిస్మస్ కేకులు చేస్తున్నారు. టేకుమట్ల సంఘములోని పిల్లలందరికీ తలా ఒక ముక్క అందాలంటే, కొనడము కన్నా ఇంట్లో చేసుకోవడమే మా కుటుంబమునకు తగినది. మా శ్రీమతి వెనిలా ఎసెన్సు ఒకటి, పైనాపిల్ ఎసెన్సు ఒకటి తెప్పించింది. కేకులు అయిపోయాక రెండు సీసాలలోను సగము మిగిలింది. ఆ సాయంకాలము మా సంఘపు యౌవనస్థుడొకడు వచ్చి, "అమ్మగారూ, ఆ మిగిలిన ఎసెన్సు నాకిస్తరా?" అని అడిగాడు. వాళ్ల అక్క బిడ్డకు ఏదో తీపి వండుతారు కాబోలు అనుకొని ఆమె ఇచ్చివేసింది. మేము అక్కడే కూర్చుండి క్యారల్సుకు వెళ్లవలసిన ఇండ్ల పేర్లు వ్రాసుకుంటున్నాము. "ఎందుకురా బిడ్డా?" అని తలయెత్తి అడుగలేదు.

ఆ అడుగని ఒక్క మాట గురించే ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

ఆ పిల్లవాని తండ్రి చిన్ననాడే పోయాడు. తల్లి ఎండకాలము తునికాకు కోసి, మిగిలిన కాలమంతా పత్తి చేలలో కూలికి పోయి ఇద్దరు బిడ్డలను పెంచింది. ఇంటర్ అయిన తరువాత అతడు హైదరాబాదు వెళ్లి, ఇంటింటికి సామాను అందించే పనిలో చేరాడు. అక్కడ స్నేహితులతో సిగరెట్టు అలవాటయింది. తల్లికి తెలిస్తే గుండె పగులుతుందని తనంతట తానే మానాలని రెండుసార్లు ప్రయత్నించి ఓడిపోయాడు. అప్పుడొక స్నేహితుడు ఈ-సిగరెట్టు చేతిలో పెట్టాడు. పెన్ను వంటి పరికరము. లోపల బ్యాటరీ వేడి చేస్తే ద్రవము ఆవిరిగా మారుతుంది, దానిని పీలుస్తారు. కుర్రవాళ్లు దానిని వేప్ అని, ఆ ద్రవమును జ్యూస్ అని పిలుస్తారట. తయారైన జ్యూస్ దొంగచాటుగా కొనాలి, ఖరీదు ఎక్కువ. కనుక సెల్ ఫోనులో చూసి, ఇంట్లోనే కలుపుకోవడము నేర్చుకున్నాడు. క్రిస్మస్ సెలవులకు వస్తూ ఆ సరంజామా కూడా సంచిలో తెచ్చుకున్నాడు.

పండుగ అయిన రెండవ నాడు, పొద్దు గూకే వేళకు ఆ తల్లి మా గడప దగ్గర నిలబడి అరిచింది. "అయ్యగారూ, బిడ్డ తేలిపోతున్నది, జల్ది రాండ్రి."

మేము వెళ్లేసరికి మూడేండ్ల పాప అమ్మమ్మ ఒడిలో తెల్లబడి ఉంది. వాంతులు, నోటి వెంట చొంగ, ఒళ్లంతా చెమట. ప్రక్కనే దగ్గుమందు సీసా దొర్లి ఉంది. దానినుండి పైనాపిల్ వాసన వస్తున్నది. మా ఇంటి కేకు వాసనే. ఆ వాసన తగిలిన క్షణము మా కాళ్లలో బలము పోయింది. పాప వచ్చీరాని మాటలతో "మామ జ్యూసు" అన్నదట. ఇంట్లో ఆ మాట నాలుగు రోజులుగా వింటున్నది. జ్యూసంటే ఏమనుకోవాలి పసిబిడ్డ? మంట పుట్టి చాలామట్టుకు ఉమ్మివేయడము దేవుని కృప.

ఎవరో అప్పటికే ఉప్పునీళ్లు కలిపి తెచ్చారు. మందు తాగినవానికి కక్కించడము మన ఊళ్లలో వాడుక గదా. అయితే మా వీధిలోని ఆశా కార్యకర్త ఆ గ్లాసు పట్టుకొని ఆపివేసింది. "కక్కియ్యొద్దు, ఊపిరితిత్తులల్లకు పోతది. సీసా పట్టుకొని దవాఖానకు పోండ్రి" అన్నది. ఆ చెల్లెలి తెలివికి ఈనాటికీ దేవుని స్తుతిస్తున్నాము. పాప చేతులు, మూతి నీళ్లతో కడిగి, తడిసిన గౌను మార్చి, ఆటోలో తీసుకొని వెళ్లాము. డాక్టరుగారు మొదట అడిగింది ఆ సీసానే. "ఇందులో నికోటిను ఎంత?" అన్నారు. ఆ పిల్లవాడు నోరు తెరచి, మూసుకున్నాడు. అతనికే తెలియదు. హైదరాబాదులో ఒకడు పేరు లేని చిన్న సీసాలో పోసి ఇచ్చాడు, ఇతడు లెక్క లేకుండా చుక్కలు వేశాడు. ఆ రాత్రంతా పాప గుండెను గమనిస్తూ ఉంచుకొని, మరునాడు మధ్యాహ్నము ఇంటికి పంపారు.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో అతడు మా ప్రక్కన కూర్చుండి ఏడ్చాడు. "అయ్యగారూ, సిగరెట్ ఇడిసిపెడ్దామనే ఇది మొదలువెట్టిన. గ్లిజరిను మందుల దుకాణంల దొరుకుతది. ఎసెన్సు అమ్మగారే ఇచ్చిండ్రు. అన్నీ తినేటివే గదా, ఏమైతది అనుకున్న."

అతని మాటలో అబద్ధము లేదు. ఈ పరికరమును నేటి రూపములో 2003లో తయారుచేసిన చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ కూడా పొగత్రాగేవాడే. అతని తండ్రి సైతము పొగకు బానిసయై ఊపిరితిత్తుల కేన్సరుతో చనిపోయాడు. సిగరెట్టు కాలినపుడు వచ్చే తారు ఇందులో ఉండదన్నది కూడా నిజమే. కానీ "అన్నీ తినేటివే" అన్న మాట దగ్గరే మోసపోయాము. తరువాత మేము డాక్టరుగారిని అడిగి, చదివి తెలుసుకున్నవి ఇక్కడ చెప్పుచున్నాము.

మొదటిది, దేవుడు కడుపునకు ఒక ద్వారము, ఊపిరికి ఒక ద్వారము వేరువేరుగా పెట్టాడు. కడుపు ఓర్చుకునేది ఊపిరితిత్తి ఓర్చుకోలేదు. 2000వ సంవత్సరములో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రములో, మొక్కజొన్న పేలాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పనిచేసిన ఎనిమిది మందికి ఊపిరితిత్తుల సన్నని గొట్టాలు మూసుకొనిపోయే జబ్బు వచ్చినట్లు బయటపడింది. కారణము వెతికితే, పేలాలకు వెన్న వాసన కొరకు కలిపే డయాసిటైల్ అని తేలింది. పేలాలు తిన్నవారికి దానివలన ఏమీ కాలేదు. వేడికి లేచిన ఆవిరిని రోజూ పీల్చినవారికి ఊపిరే బరువైంది. కేకు ఎసెన్సు కేకు కొరకే. దానిని కాచి పీల్చితే ఏమవునో ఆ సీసా మీద వ్రాసి ఉండదు.

రెండవది, నికోటిను మన రైతులకు కొత్తది కాదు. పొగాకు ఉడికించి, ఆ కషాయము మిరప తోటకు, పత్తి చేనుకు పురుగు కోసము కొట్టినవారు మన సంఘములోనే ఉన్నారు. ఆ కషాయములో పురుగును చంపేది నికోటినే. అది చర్మము గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. తడిసిన పొగాకు ఆకులు కోసే కూలీలకు తల తిరిగి వాంతులయ్యేది అందుకే. చేనుకు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటాము, సీసాను పిల్లలకు అందనీయము. ఇంట్లో గూటిలో మాత్రము దగ్గుమందు ప్రక్కన పెట్టాము. 2014 డిసెంబరులో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో ఏడాది వయస్సున్న పసివాడొకడు నికోటిను ద్రవము మ్రింగి చనిపోయాడు. ఆ తరువాతనే అక్కడ, పిల్లలు తెరవలేని మూతలు ఆ సీసాలకు పెట్టాలని చట్టము చేశారు. మన పాప బ్రతికింది. ఆ తల్లి బిడ్డ బ్రతకలేదు.

మూడవది, ఎవరు కలిపారో, ఏమి కలిపారో తెలియని సంగతి. 2019లో అమెరికాలో వేప్ పీల్చిన యౌవనస్థులు ఊపిరి ఆడక ఆసుపత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి వారి లెక్క 2,807. వారిలో 68 మంది చనిపోయారు. గంజాయి సారము కలిపిన ద్రవమును చిక్కబరచడానికి ఎవరో విటమిన్ ఇ నూనె వంటిదొకటి పోశారు. చర్మమునకు రాసుకునే క్రీములలో ఉండేదే. ఊపిరితిత్తులలో అది కీడు చేసింది. బాధితులలో చాలామంది దానిని దుకాణములో కొనలేదు, స్నేహితుల దగ్గర, తెలిసినవారి దగ్గర తెచ్చుకున్నారు.

ఇక చట్టము మాట. మన దేశములో 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు ద్వారాను, ఆ తరువాత అదే సంవత్సరము చట్టము ద్వారాను ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకము, నిల్వ, ప్రకటన అన్నిటినీ నిషేధించారు. తయారీకి, అమ్మకమునకు మొదటిసారి ఏడాది వరకు జైలు లేక లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండూ. నిల్వ ఉంచితే ఆరు నెలల వరకు జైలు లేక 50,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండూ. కూలి చేసి పెంచిన తల్లి ఇంటిలో ఇటువంటిది దాచిపెట్టుట ఆమెకు ఎంత ప్రమాదమో ఆ బిడ్డకు తట్టనేలేదు.

ఇవన్నీ అతనికి చెప్పాము. అతడు తల వంచుకొని విన్నాడు. చివరకు మెల్లగా ఒక మాట అడిగాడు. "అయ్యగారూ, కోపం చేయకుండ్రి. ఆరాధన అయిపోంగనే యాపచెట్టు కింద పెద్దమనుషులు అరచేతిల పొగాకు, సున్నం కలుపుతరు. ఆళ్లది గూడ కలుపుడే, నాది గూడ కలుపుడే. ఆళ్లకు ఎన్నడన్న చెప్పిండ్రా?"

మా దగ్గర జవాబు లేదు. కల్లు మీద ప్రసంగించాము, సారా మీద ప్రసంగించాము. పొగాకు మీద మాత్రము పదిహేనేండ్ల సేవలో ఒక్క ఆదివారము మాట్లాడలేదు. కారణము దేవుని యెదుట ఒప్పుకొనుచున్నాము. ఆ చెట్టు క్రింద కూర్చునేవారు సంఘమునకు పెద్దలు, కోతకాలపు కానుకలు ముందుగా తెచ్చేవారు. వారి మనస్సు నొప్పించుటకు భయపడ్డాము. నోటి కేన్సరు ఆ అరచేతి పొగాకు వలన కూడా వస్తుందని తెలిసియుండి భయపడ్డాము.

ఆ తరువాతి ఆదివారము రాజులు రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములోని గిల్గాలు సంగతి తీసుకున్నాము. దేశములో కరవు. ప్రవక్తల శిష్యులలో ఒకడు పొలమునకు పోయి, కూరకు పనికివస్తాయనుకొని ఏవో అడవి తీగ కాయలు ఒడి నిండా తెచ్చి, తరిగి కుండలో వేశాడు. అవేమిటో అతనికీ తెలియదు, చూచినవారికీ తెలియదు. తినబోయినవారు అందులో మరణమున్నదని కేకలు వేశారు. ఎలీషా ఏమి చేశాడు? ఆ కాయలు తెచ్చినవాడెవడని వెదకలేదు, వెళ్లగొట్టలేదు. పిండి తెమ్మని అడిగి కుండలో వేశాడు, కూర బాగయింది. ఆకలితో ఉన్నవాడు తెలియక తెచ్చిన దానికి దైవజనుడు మందు వెదికాడు గాని దోషిని వెదకలేదు.

అలా చెప్పి, మొదట మా తప్పు ఒప్పుకున్నాము. సీసా మా ఇంటి నుండే పోయిందని చెప్పాము. సంఘము నిశ్శబ్దమైపోయింది. ఆరాధన ముగిశాక ఒక పెద్దాయన మా దగ్గరకు వచ్చి, తన సున్నపు డబ్బా మా చేతిలో పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. నెలన్నర తరువాత మళ్లీ వచ్చి, "అయ్యగారూ, పడిపోయిన, ప్రార్థన చేయుండ్రి" అన్నాడు. చేశాము. ఇప్పుడు మళ్లీ మానే ప్రయత్నములో ఉన్నాడు. ఆయన పడిపోయినందుకు కాదు, వచ్చి చెప్పినందుకు మేము సంతోషించాము.

ఆ పిల్లవాడు పరికరమును తానే తల్లి యెదుట విరుగగొట్టాడు. డాక్టరుగారు అతనికి నికోటిను చూయింగ్ గమ్ము వ్రాసిచ్చారు. అది కూడా నికోటినే గదా అని మాకు అనుమానము వచ్చింది. తేడా ఏమిటంటే, దానిలో 2 మిల్లీగ్రాములో 4 మిల్లీగ్రాములో అట్ట మీద వ్రాసి ఉంటుంది, ఎప్పుడు తగ్గించాలో డాక్టరు చెబుతారు, మంట మీద కాచి పీల్చేది కాదు. కొలత తెలిసినది మందు, కొలత తెలియనిది కాదు. అతడు కూడా రెండుసార్లు జారాడు. రెండుసార్లూ మాకు ఫోను చేసి చెప్పాడు. ఇప్పుడు సిగరెట్టు లేదు, వేప్ లేదు. పాప మాత్రము ఇంకను పైనాపిల్ వాసన తగిలితే మొహము త్రిప్పుకుంటుంది.

ప్రియ తల్లిదండ్రులారా, మన బిడ్డలు పట్నము నుండి వచ్చినప్పుడు వారి సంచిలో ఏమున్నదో దొంగచాటుగా వెదకవద్దు. వారి ప్రక్కన కూర్చుండి అడగండి. అడిగినవారికి చెప్పుకోగలిగినంత చోటు మన మనస్సులో ఉంచండి. పేరు లేని సీసా ఏదైనను గూటిలో పెట్టవద్దు. పిల్లలు మ్రింగినట్లు తెలిస్తే కక్కించకుండా, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పొగాకు ఏ రూపములోనిదైనా మానుకొనగోరువారు కేంద్ర ప్రభుత్వపు ఉచిత నంబరు 1800-11-2356కు ఫోను చేసి సలహా అడుగవచ్చును.

తోటి కాపరులారా, యౌవనస్థుని చేతిలోని కొత్త సీసాను ఖండించే ముందు, వేపచెట్టు క్రింది పాత డబ్బాను కూడా చూద్దాము. మన దేహము దేవుని ఆలయమని కొరింథు సంఘమునకు పౌలు వ్రాసినది ఒక్క యౌవనస్థులకే కాదు.

మళ్లీ క్రిస్మస్ వచ్చింది, మళ్లీ కేకులు చేశాము. ఎసెన్సు మిగిలింది. మా శ్రీమతి మూత గట్టిగా బిగించి పై గూటిలో పెడుతుండగా అదే పిల్లవాడు లోపలికి వచ్చాడు. ఈసారి మేము కలము ప్రక్కన పెట్టి, కుర్చీ చూపించి, "ఎట్లున్నవు బిడ్డా?" అని అడిగాము. అతడు కూర్చున్నాడు. గంటసేపు మాట్లాడాడు.

ప్రభువు మన ఇండ్లను, మన బిడ్డల ఊపిరిని కాపాడును గాక. ఆమేన్.