వంటగట్టు – పిల్లికూన

తెనాలి రామకృష్ణుని పిల్లికథ నెఱుగని తెలుగింటి బిడ్డ యుండదు. ఎలుకల బాధ తీఱుటకై రాయలవారు ఇంటింటికి నొక పిల్లిని, దాని పాలకొఱకు నొక యావును ఇప్పించిరట. రామకృష్ణుడు మొదటి దినముననే పొగలు గ్రక్కు పాలను పిల్లి ముందుంచెను. అది మూతి కాల్చుకొని, నాటినుండి పాలగిన్నెను చూచినంతనే పరుగు లంకించుకొనెను. ఆవుపాలన్నియు రామకృష్ణుని యింటివారికే దక్కినవి. చిన్ననాడు ఈ కథ విని మనమందఱము నవ్వినవారమే. గత శ్రావణమాసమున మా యింట నొక పిల్లికూన చేరిన తరువాత ఈ కథ నాకు మఱల జ్ఞప్తికి వచ్చినది గాని, నవ్వు మాత్రము రాలేదు. మూతి కాలిన పిల్లి యేమి నేర్చుకొన్నది? పాలు భయంకరమైనవని నేర్చుకొన్నది. పరుల గిన్నెలో మూతి పెట్టరాదని నేర్చుకొనలేదు. బాధపెట్టి మనము చెప్పదలచునది యొకటి, మూగజీవమునకు తెలియునది వేఱొకటి.

మాది రాజమహేంద్రవరము. జోరువానలో తడిసి, పెరటి వసారాలో గ్యాసుబండ వెనుక వణకుచున్న రెండు మాసముల కూనను మా చిన్నవాడు తువ్వాలులో చుట్టి లోనికి తెచ్చెను. పదిదినములు కడుపునిండ తినగానే అది గుండ్రముగా, పసుపువన్నెతో నిగనిగలాడసాగెను. పిల్లలు దానికి బూరె యని పేరిడిరి. మా అత్తగారు మడికట్టుకొని వంట చేయువారు. పెరటిలో పందికొక్కుల బెడద యుండుటచే కూనను ఉండనిచ్చిరి. అది బియ్యపు డబ్బా మీదికిని, అచటినుండి వంటగట్టు మీదికిని ఎగబ్రాక నేర్చుటకు ఎక్కువకాలము పట్టలేదు. ఒకనాటి ఉదయమున నైవేద్యపు పాలగిన్నె ప్రక్కన కూర్చుండి మూతి తుడుచుకొనుచుండగా అత్తగారు చూచిరి. కేకలు వేయలేదు. "అమ్మాయీ, దీపావళి దాకా చూస్తాను. అప్పటికీ ఇది గట్టెక్కుతూ ఉంటే సంచీలో వేసి సంతలో వదిలిపెట్టించేస్తాను" అని మాత్రము అనిరి. ఆమె ఊరక బెదరించు మనిషి కాదు. తల్లి లేని కూనకు సంతలో వీధికుక్కల నడుమ ఎన్ని గడియలు నూకలుండునో సోదరీమణులు ఊహింపగలరు.

అత్తగారి పక్షమున న్యాయము లేకపోలేదు. పెరటి మట్టిని త్రవ్వి వచ్చిన పాదములను మనము పిండి కలుపు చోట మోపరాదనుట మడికే గాక వైద్యశాస్త్రమునకును సమ్మతమైన మాట. పైగా మా ఆడపడుచు పురిటికి రానున్నది. పిల్లుల మలముద్వారా వ్యాపించు టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి గర్భస్థ శిశువునకు హాని చేయగలదు. అంతమాత్రమున ఇంట పిల్లి యుండనే కూడదని భయపడ నక్కఱలేదు. సోకిన పిల్లి సాధారణముగా మొదట కొన్ని వారములు మాత్రమే ఆ క్రిమిని విసర్జించును. విసర్జింపబడిన క్రిమికి అంటు శక్తి వచ్చుటకు కనీసమొక దినము పట్టును. కావున ఇసుకపెట్టెను ప్రతిదినము శుభ్రము చేయవలయును. ఆ పని గర్భిణి చేయరాదు. కూరగాయలను బాగుగా కడుగవలయును. గట్టును వంటకు ముందు సబ్బునీటితో తుడువవలయును. ఇక కూనకు కూడ గట్టు క్షేమమైన చోటు కాదు. ఒకప్రక్క ఆర్పిన పిమ్మటను వేడి తగ్గని పొయ్యి, ఒకప్రక్క కత్తిపీట. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తములోని ఎఱ్ఱకణములను నాశనము చేయును. మన గట్టుమీద ఆ రెండును లేని పూట యేది?

అయితే పిల్లి గట్టెక్కుట పొగరుచే గాదు. పశ్చిమాసియాలో మానవుడు ధాన్యము నిలువచేయ నారంభించిన కాలమున, ఎలుకలకొఱకు వచ్చిన అడవిపిల్లి సంతతియే నేటి మన ఇంటిపిల్లి. సైప్రసు ద్వీపమున సుమారు 9500 సంవత్సరముల నాటి సమాధిలో మనిషి చెంతనే పూడ్చిన పిల్లి యెముకలు దొరకినట్లు 2004లో ప్రకటించిరి. ఇన్నివేల యేండ్లు మన పంచన నున్నను అది తన పూర్వపు బుద్ధి మానలేదు. చిన్న ప్రాణులను తాను వేటాడును. పెద్దవాటికి తాను వెఱచును. అట్టి ప్రాణికి ఎత్తైన చోటే కోట. అచటినుండి అంతయు కనబడును, వెనుకనుండి ఎవరును మీద పడరు. నాకు తోచిన కారణము మఱియొకటి కలదు. ఉదయము మొదలు రాత్రివఱకు మన చేతులు గట్టుమీదనే గదా యాడుచుండును! ఇంటిలోని సందడియంతయు అచటనే. క్రింద నిలిచిన కూనకు మన చీర కుచ్చెళ్లు తప్ప మఱేమియు కనబడవు.

ఆకలి మాట వేఱుగా చెప్పవలయును. మాది శాకాహారపు ఇల్లు. అత్తగారు దానికి రెండుపూటల పెరుగన్నము పెట్టుచుండిరి. అది గిన్నె నాకి మఱల గట్టువైపు మోరయెత్తుచుండెను. పశువైద్యుని కడకు కొనిపోగా ఆయన, పిల్లి పుట్టుకచేతనే మాంసాహారి యనియు, టారిను అను పదార్థమును దాని శరీరము చాలినంత తయారు చేసికొనలేదనియు, ఆహారమున అది కొఱవడినచో కాలక్రమమున చూపు మందగించి గుండె బలహీనపడుననియు చెప్పెను. నాటినుండి అంగడిలో దొరకు పిల్లితిండి గింజలు తెప్పించితిమి. వాసన పడదని అత్తగారు ఆ డబ్బాను వసారాలో పెట్టించిరి. పిల్లి నాలుకకు తీపి తెలియకుండుటకు కారణమైన జన్యులోపమును 2005లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అనగా మా బూరెకు బూరె రుచి యెన్నటికిని తెలియదు!

కొట్టుట వలదని నేను మొదటనే నిశ్చయించుకొంటిని. పొరుగింటి ఆమె నీరు చిమ్ము సీసా నొకటి తెచ్చి యిచ్చినది. నేను దానితో తులసికోటకు నీరు చల్లితిని. నీరు పడిన కూన గట్టును గాక నన్ను చూచి వెఱచును. నేను లేని వేళ నిశ్చింతగా గట్టెక్కును. జంతువు నేర్చుకొను విధమును 1898లోనే అమెరికాలో థారన్‌డైకు అను పండితుడు పిల్లులతోనే పరీక్షించి చూపెను. ఆకలిగొన్న పిల్లిని పెట్టెలో నుంచి బయట ఆహారము పెట్టెడివాడు. అది గీరి, పొరలి, తుదకు యాదృచ్ఛికముగా గడియను తప్పించుకొని వచ్చెడిది. మఱల మఱల అట్లే చేయగా, పనికిరాని చేష్టలు ఒక్కొక్కటే రాలిపోయి, గడియ తీయు చేష్ట మాత్రము నిలిచెను. ఫలమిచ్చిన పని మిగులును, ఈయనిది పోవును. ఇక పదిసారులలో నొక్కసారి మాత్రమే ఫలము దొరకు పనిని జంతువు మఱింత మొండిగా పట్టుకొని యుండునని తరువాతివారు కనుగొనిరి.

ఆ ఒక్కసారియే మా యింట చిక్కు తెచ్చినది. మావారు భోజనపు బల్లవద్ద కూర్చుండి, ఎవరును చూడకుండ మీగడతరక కొనవ్రేలితో కూనకు అందించుచుండిరి. కూనకు నేర్పుటకు వారము పట్టినచో, మావారికి నేర్పుటకు నెల పట్టినది. వారి తల్లిగారు సంచి మాట మఱల ఎత్తిన పిమ్మటనే ఆ వ్రేలు ఆగినది.

గట్టుమీద ఏమియు దొరకకుండ చేయుటకు మన పెద్దల ఉట్టి యెంత చక్కని సాధనమో అప్పుడు తెలిసినది. మా వంటింటి కప్పునకు కొక్కెము లేదు గనుక పాలు, పెరుగు, నేయి తలుపుల అలమరలోనికి మార్చితిని. అంట్లు రాత్రి మిగులనీయలేదు. ఆ పిమ్మట వంటింటి కిటికీ ప్రక్కన, గట్టుతో సమానమైన ఎత్తున, ఒక పాత స్టూలుమీద చెక్కపెట్టెను బిగించి గోనెపట్ట చుట్టితిని. అచటినుండి కూనకు నా చేతులును కనబడును, జామచెట్టు మీది ఉడుతలును కనబడును. గట్టెక్కినపుడు మాటాడక, కనులలోనికి చూడక, రెండుచేతుల నెత్తి స్టూలుపై నుంచి ఒక గింజ పెట్టుదును. తనంతట స్టూలెక్కినచో రెండు గింజలు. మొదటి దినమున 18 సారులు దింపితిని. గట్టు అంచున నారింజతొక్కలు కూడ పఱచితిని. ఆ వాసన పిల్లులకు గిట్టదు. ఎండిపోగానే మా బూరె వాటిని బంతులుగా నాడుకొన్నది. అంతకంటె సాయంకాలపు ఆటయే మేలు చేసినది. పిల్లికి ప్రాతఃకాలమునను మునిమాపునను హుషారెక్కువ. మన వంటవేళలును అవియే. దీపము పెట్టకముందు పిల్లలు పాతగుడ్డ పేలికను తాటికి కట్టి పావుగంట పరుగెత్తించి, పిమ్మట తిండి పెట్టినచో, అది వంట ముగియువఱకు పెట్టెమీద ముడుచుకొని నిద్రించుచుండెను.

నెల తిరుగునప్పటికి దింపుట దినమునకు ఐదాఱు సారులకు తగ్గెను. దీపావళి వారమున పగలు ఒక్కసారియు లేదు. రాత్రులమాట చెప్పలేను. నరకచతుర్దశి తెల్లవాఱుజామున గట్టుమీద జల్లెడ పట్టి ఆరబోసిన బియ్యపుపిండి అంచున నాలుగు చిన్న పాదముల గుర్తులు కనబడినవి. నాకంటె ముందు అత్తగారే వాటిని చూచిరి. నా గుండె జారినది. ఆమె ఆ ప్రక్కపిండిని చేటలోనికి తీసి వేఱుగా నుంచి, తడిగుడ్డతో గట్టు తుడిచి, స్టూలువైపు చూచిరి. బూరె దానిపై నిటారుగా కూర్చుండి ఆమె చేతులనే చూచుచుండెను. ఆమె చేయి కడుగుకొని వసారాలోనికి పోయి, ముక్కునకు చెఱగు అడ్డము పెట్టుకొని, డబ్బాలోనుండి రెండు గింజలు తెచ్చి గోనెపట్టపై వేసిరి.

"ఆ స్టూలు ఇంకో జానెడు ఎత్తు చేయించు. పాపం, దానికి పొయ్యి కనబడటం లేదు" అనిరి. వడ్రంగికి కబురంపితిని.