స్లాబ్ డబ్బులు

2021 జనవరి 27, బుధవారం. ఒక్కోటి 320 డాలర్ల చొప్పున 60 గేమ్‌స్టాప్ షేర్లు కొన్నాను. మొత్తం 19,200 డాలర్లు. తెనాలిలో మా ఇంటి మేడ మీద స్లాబ్ వేయించడానికి నాన్నకు పంపాల్సిన డబ్బు అది. మా ఆవిడకు కూడా చెప్పలేదు.

మేముండేది టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో. వీడియో గేముల షాపులు నడిపే గేమ్‌స్టాప్ హెడ్డాఫీసు మాకు దగ్గర్లోనే, గ్రేప్‌వైన్‌లో ఉంది. మా అబ్బాయి ఆడేసిన గేమ్ డిస్కులు వాళ్ల షాపులో ఇచ్చి, పైన కొంత కట్టి వేరేవి తెచ్చుకునేవాళ్లం. జనం ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవడం మొదలుపెట్టాక షాపులు వెలవెలబోయాయి. కంపెనీ ఎలాగూ మునుగుతుందని పెద్ద హెడ్జ్ ఫండ్లు షేర్లు అరువు తెచ్చి అమ్మేశాయి. ధర పడ్డాక చౌకగా కొని తిరిగి ఇచ్చేయొచ్చని వాళ్ల లెక్క. అలా అమ్మినవి మార్కెట్లో తిరిగే షేర్లలో 140 శాతం దాకా చేరాయి. ధర పెరిగితే మాత్రం నష్టం ఆపుకోవడానికి వాళ్లే ఎగబడి కొనాలి. ఈ సంగతి రెడ్డిట్‌లో చిన్న మదుపరులు పట్టుకుని, అమ్మకుండా కొంటూ పోయారు. జనవరి మొదట్లో 17 డాలర్లున్న షేరు, నేను కొన్న రోజు 347 దగ్గర ముగిసింది.

గురువారం పొద్దున వంటింటి గట్టు మీద ఫోను పెట్టుకుని నిలబడ్డాను. మా టైము ప్రకారం మార్కెట్ ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. తొమ్మిదింటికల్లా షేరు 480 దాటింది. నా 60 షేర్లు దాదాపు 29 వేల డాలర్లు. అమ్మలేదు. ఇంకో పది కొందామని యాప్‌లో చూస్తే ‘బై’ బటన్ పనిచేయడం లేదు. ‘సెల్’ ఒక్కటే ఉంది. బటన్ నొక్కుతూనే ఉన్నాను, పక్కన పాలు పొంగి స్టౌ అంతా పారాయి. గంటన్నర తిరక్కుండా ధర 112కి పడిపోయింది.

మర్నాడు మళ్లీ 325కి లేచింది. అప్పుడు అమ్మి ఉంటే నా డబ్బు నాకు వచ్చేసేది. కానీ అప్పటికే అది నాకు ఆ ఫండ్ల మీద పోరాటమైపోయింది. అమ్మితే రెడ్డిట్‌లోని తోటివాళ్లకు ద్రోహం చేసినట్టే అనుకున్నాను. వాళ్లలో ఒక్కరి ముఖం కూడా నాకు తెలియదు. సోమవారం 225కి దిగింది. మంగళవారం 95 దగ్గర అమ్మేశాను. చేతికొచ్చింది 5,700. పోయింది 13,500 డాలర్లు, మన లెక్కలో దాదాపు 10 లక్షలు.

కొనడం ఎందుకు ఆపారో తర్వాత తెలుసుకున్నాను. అప్పట్లో షేరు చేతులు మారాక సెటిల్‌మెంట్‌కి రెండు రోజులు పట్టేది. అందాకా బ్రోకర్లు క్లియరింగ్ సంస్థ దగ్గర డిపాజిట్ ఉంచాలి. ఆ వారం ఆ డిపాజిట్లు ఒక్కసారిగా పెరిగిపోయాయి. ఫిబ్రవరి 18న అమెరికా కాంగ్రెస్‌లో దీని మీద విచారణ కూడా జరిగింది. పెద్ద ఫండ్ల వ్యాపారం నడుస్తుండగా నాలాంటి వాడికి మాత్రం తలుపు మూశారన్న కోపం నాకు ఇప్పటికీ ఉంది. అయినా శుక్రవారం ‘సెల్’ బటన్ నా చేతిలోనే ఉంది. దాన్ని ఎవరూ తీసేయలేదు.

“ఏరా, ఇంకా డబ్బులు పడలేదు. సెంట్రింగ్ కొట్టి పది రోజులైంది, అద్దె నడుస్తోంది” అని నాన్న ఫోన్ చేశారు. బ్యాంకులో లేటవుతోందని అబద్ధం చెప్పాను. మూడోసారి ఆయన అడిగినప్పుడు మా ఆవిడ పక్కనే ఉంది. ఫోను పెట్టేశాక, “ఏ బ్యాంకు?” అంది. ఆ రాత్రి తనకు అంతా చెప్పాను. పొద్దున్నే నాన్నకూ చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “సరే, సెంట్రింగ్ విప్పించేస్తాను” అన్నారు.

స్లాబ్ మరుసటి ఏడాది వేశాం. ఈలోగా పైకి లేపిన ఊచలు ఒక వానాకాలమంతా తడిసి తుప్పు పట్టాయి. వీడియో కాల్‌లో నాన్న వాటిని చూపించేవారు. ముఖం తెలియనివాళ్లకు మాటిచ్చినట్టు ఆ షేర్లు పట్టుకు కూర్చున్నాను. నేను నిజంగా మాటిచ్చింది ఆ ఊచల పక్కన నిలబడ్డ మనిషికి.