వాళ్ళన్న చూసుకుంటడు

నెలకోసారి నా క్లినిక్‌కు వచ్చే ఓ తల్లీకొడుకుల్లో ముందు బీపీ చూడాల్సింది కొడుక్కే. ఆమె బీడీలు చుట్టి బతికిన మనిషి, అరవై దాటాయి. అతనికి 34 ఏళ్ళు, డౌన్ సిండ్రోమ్. చొక్కా చెయ్యి మడిచి బల్లమీద పెడతాడు. పట్టీ బిగుస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టి నా మొహమే చూస్తాడు. "మస్తుగుంది" అని నేనన్నాకే అమ్మను కుర్చీలో కూర్చోనిస్తాడు.

పోయిన నెల ఆమెకు 190 ఉంది. మాత్రలు మానేసిందట. "మంచిగనే ఉన్న గద సార్" అంది. తిట్టి, మందు రాసి, "నీకేమన్నయితే వీణ్ణి ఎవరు చూస్తరమ్మా?" అన్నాను.

"వాళ్ళన్న చూసుకుంటడు సార్."

ఆ మాట వింటే నా బీపీ పెరుగుతుంది. మెదక్‌లో కిరాణా సేటు నుంచి పెద్ద సార్ల దాకా ఇలాంటి బిడ్డ ఉన్న ప్రతి ఇంట్లో వినిపించే వీలునామా ఇదొక్కటే, అదీ నోటిమాటే. ఆ అన్నను ఎవరైనా అడిగారా అంటే, లేదు. వదినను అడగడం దేవుడెరుగు.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఒక రిటైర్డు టీచరుకు పదిహేనేళ్ళు షుగరు చూశాను. భార్య పోయింది. ఇద్దరు కొడుకులు, సెరిబ్రల్ పాల్సీతో పాటు ఫిట్స్ ఉన్న ఒక కూతురు. ఆ పిల్ల ఫిట్స్ మాత్రలూ నేనే రాసేవాణ్ణి. మీ తర్వాత ఏమిటి సార్ అని ఒక్కసారీ అడగలేదు. ఆయనకు మెదడులో రక్తనాళం చిట్లి ఆసుపత్రిలో పడ్డ మూడోరోజు పెద్దకొడుకు స్టాంపు కాగితం, ఇంకు ప్యాడు పట్టుకొచ్చాడు. "వేలు కదులుతుంది సార్, స్పృహల ఉన్నడని మీరొక్క సంతకం పెడితే చాలు." కదిలేది వేలు, మనిషి కాదు. పెట్టనన్నాను. అయిదోరోజు ఆయన పోయాడు.

వీలునామా లేదు కాబట్టి ఇంట్లో అన్నలతో సమానంగా ఆమెకూ వాటా వచ్చింది. సర్కారు కొలువు చేసినవాళ్ళ పిల్లల్లో సంపాదించుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళకు జీవితాంతం కుటుంబ పింఛను ఉంటుంది, అదీ ఆమెదే. కానీ వయసు 29, సంతకం రాదు, చట్టప్రకారం సంరక్షకుడు లేడు. ఇల్లు అమ్ముడుపోలేదు, పింఛను కదల్లేదు, అన్నలిద్దరికీ మాటల్లేవు. ఇంట్లో మూడోవంతుకు యజమానురాలైన పిల్లకు మాత్రలు కొనేవాళ్ళు లేకపోయారు. ఒక రాత్రి ఫిట్స్ ఆగకుండా వచ్చాయి. వెంటిలేటరు మీద నాలుగు రోజులుండి బతికింది. అంతకుముందు తన చేత్తో తను తినేది. ఇప్పుడు ఎవరో ఒకరు తినిపించాలి.

ఆ అన్నలు చెడ్డవాళ్ళేం కాదు. కిస్తీలు, పిల్లల ఫీజులు, నగరంలో రెండు గదుల ఇల్లు. కాగితం ఉంటే మంచివాళ్ళుగానే మిగిలిపోయేవాళ్ళు.

అసలు ఈ చిక్కు మా వైద్యులు తెచ్చిపెట్టిందే. డౌన్ సిండ్రోమ్ అంటే 21వ క్రోమోజోము ఒకటి ఎక్కువ ఉండటం. ఒకప్పుడు గుండెలో రంధ్రంతోనో నిమోనియాతోనో ఈ పిల్లలు చిన్నప్పుడే పోయేవాళ్ళు. ఇప్పుడు యాభై, అరవై ఏళ్ళు బతుకుతున్నారు, అమ్మానాన్నల తర్వాత కూడా. ఇది పిచ్చి కాదు, పెళ్ళి చేస్తే కుదిరేదీ కాదు. ఆ సలహా ఇచ్చే మేనత్తలను నా గదిలోకి రానివ్వను.

వైకల్య సర్టిఫికెట్టుకు మూడుసార్లు క్యాంపుకు తిరుగుతారు, పింఛను వస్తుందని. మంచిదే. కానీ బిడ్డకు 18 నిండితే కన్నతల్లయినా దానంతటదే చట్టబద్ధ సంరక్షకురాలు కాదని ఎంతమందికి తెలుసు? బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ళకోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దానికింద జిల్లా కలెక్టరుండే స్థానిక కమిటీకి అర్జీ పెడితే సంరక్షకుణ్ణి నియమిస్తారు. ఆ సంరక్షకుడు ఆరు నెలల్లో బిడ్డ ఆస్తి జాబితా ఇవ్వాలి, ఏటేటా లెక్క చెప్పాలి. 2016 దాకా జిల్లా పేరు మన మెదక్‌ది, కలెక్టరాఫీసు సంగారెడ్డిది. ఇప్పుడు దూరమన్న ఆ సాకూ లేదు.

ఇల్లు ముందే కొడుకు పేర రాసిచ్చి, "చెల్లెను చూసుకో" అని చేతిలో చెయ్యేయించుకునేవాళ్ళున్నారు. మిమ్మల్ని పోషిస్తాడన్న షరతు పత్రంలో ఉంటే, కొడుకు మాట తప్పినప్పుడు 2007 నాటి వృద్ధుల చట్టం 23వ సెక్షను కింద దాన్ని రద్దు చేయించుకోవచ్చు. అయితే ఆ రక్షణ వయసు మళ్ళిన మీకు. మీరు పోయాక చెల్లెకు కాదు. ఆమెకు రావాల్సింది వీలునామా ద్వారా ట్రస్టులో పెట్టండి. అన్నం పెట్టేవాడొకడు, డబ్బు లెక్క చూసేవాడు ఇంకొకడు అయితే మేలు.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరీ కాదు. తెలివిలో ఉండి రాయాలి, ఇద్దరు సాక్షులుండాలి.

బీడీల అమ్మ ఈ నెల వచ్చింది. బీపీ 140కి దిగింది. పెద్దకొడుకును వెంటబెట్టుకొచ్చింది, నేను రమ్మన్నానని. అతను మొదటిసారి నోరు విప్పి, "మా అమ్మ నన్నెప్పుడు అడగలే సార్" అన్నాడు.

మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే, ఈసారి బీపీకి వచ్చేటప్పుడు రాసిన కాగితమూ, ఇంకో సాక్షినీ తీసుకురండి. రెండో సాక్షిగా నేను సంతకం పెడతాను. దానికి ఫీజు లేదు.